బళ్ళారికి తెచ్చిన సముద్రం

పై అధికారి కిందివాడి అభిప్రాయం అడిగితే అది ప్రశ్న కాదనీ, తన అభిప్రాయాన్ని కిందివాడి నోట వినాలన్న ముచ్చట మాత్రమేననీ ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు తెలియదు. ఆయన అడిగాడు, నేను చెప్పాను. ఇందులో తెలివితక్కువతనం ఎవరిదో, ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న మీకు వేరే చెప్పనక్కరలేదు. నాకు తెలియడానికి మాత్రం ఒక మంత్రిగారి పంచె తడవాల్సి వచ్చింది.

ఆ తెలివితక్కువతనానికి పునాది ఇంకాస్త వెనక పడింది. మా నాన్న కృష్ణా డెల్టాలో ఉన్న కొద్దిపాటి భూమి అమ్మేసి, తుంగభద్ర కాలువ పారుతోందని విని, సిరిగేరి దగ్గర మడి కొన్నాడు. మావాళ్ళు ఇళ్ళు వేసుకున్న చోటును చుట్టుపక్కలవాళ్ళు క్యాంపు అనేవారు. మేం కోస్తావాళ్ళం. బళ్ళారివాళ్ళ లెక్కలో కోస్తావాడంటే సముద్రంలో పుట్టి, సముద్రంలో ఈది, ఈదలేక ఒడ్డుకొచ్చినవాడు. నిజానికి డెల్టాలో మా పాత ఊరి నుంచి సముద్రానికి ఒక పూట బస్సు ప్రయాణం. నేను దాన్ని చూసింది ఒక్కసారే. కార్తీక మాసంలో మా మేనత్త నా జబ్బ పట్టుకుని ముంచి లేపింది. ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయాయి. నా సముద్ర విజ్ఞానమంతా ఆ ముక్కులో పట్టినంతే. అయినా ఆఫీసులో అందరూ నన్ను సముద్రం మనిషి అంటుంటే కాదనలేదు. ఉత్తపుణ్యాన వచ్చే గొప్పను ఎవడు కాదంటాడు?

నా ఉద్యోగం చేపల శాఖలో, ఫీల్డుమ్యాన్‌గా. చేపపిల్లల్ని పెంచి చెరువుల్లో వదలడం మా పని. చేపలకన్నా చెప్పేవాళ్ళు ఎక్కువగా ఉన్న శాఖ అది. జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిశాక, నాలాంటి తెలుగువాడు కన్నడ పరీక్ష పాసైతేగాని పర్మనెంటు చేసేవారు కాదు. పాసయ్యాను. ఇక మిగిలింది మా అధికారి మంచిమాట ఒక్కటి. అది రాకపోతే మా నాన్న అరక సిద్ధంగానే ఉంది. "నీ ఉద్యోగం గట్టిపడేదాకా మూడో జత ఎడ్లను అమ్మనులేరా" అనేవాడు. నా భవిష్యత్తు మీద ఆయనకున్న నమ్మకం అది.

మా అధికారి పాత మైసూరు వైపు మనిషి. ఎవరినీ కేకలెయ్యడు. ఏం చెప్పినా "నోడప్పా" అని మెత్తగా మొదలుపెట్టేవాడు. చూడు నాయనా అని దానర్థం. బురదలాంటి మెత్తదనం అది. కాలు దిగబడ్డాక గాని లోతు తెలిసేది కాదు.

అరవైల మొదట్లో ఒక ఏడు జిల్లా వస్తుప్రదర్శన పెట్టారు. వ్యవసాయ శాఖవాళ్ళు ట్రాక్టరు తెస్తున్నారు, పశువుల శాఖవాళ్ళు కొత్త జాతి ఆంబోతును తెస్తున్నారు. మా స్టాలులో ఏం పెట్టాలి? ఎప్పుడూ పెట్టే సీసాల్లో చేపపిల్లలా?

"నోడప్పా, ఈసారి మనం సముద్రం పెడదాం" అన్నాడు అధికారి. "సముద్రపు నీళ్ళు, సముద్రపు చేపలు, ప్రాణంతో. ఈ జిల్లాలో సముద్రం చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారు?"

కాఫీ గ్లాసులు తీసుకుపోతున్న మా జవాను ఆగాడు. అతనిది కప్పగల్లు, వయసులో మా అందరికంటే పెద్దవాడు.

"ఉప్పునీళ్ళకు అంత దూరం యాల సార్, మా కప్పగల్లు బాయిలో తోడితే సాల్దా? దాంట్లో కందిబ్యాళ్ళు గూడ ఉడకవు."

"నీ బాయిలో చేపలు యాడుండాయప్పా?" అన్నాడు హెడ్డుగుమాస్తా.

"ఉండె. ఆ నీళ్ళు తాగలేక సచ్చిపాయె."

అధికారి నవ్వలేదు. నా వైపు తిరిగాడు. "తొట్టి గాజుతో చేయిద్దామా, గాజులా కనిపించే ఆ కొత్త ప్లాస్టిక్, ఆక్రిలిక్‌తోనా? నువ్వు సముద్రం మనిషివి. బాగా ఆలోచించి నీ అభిప్రాయం చెప్పు."

ఆలోచించాను. అదే నేను చేసిన పొరపాటు. ఆఫీసులో ఉన్న పాత పుస్తకాలు తిరగేశాను. బజారులో పటాలు కట్టే సాయిబు దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆయన గాజు అమ్ముతాడు గనక, గాజును మించింది లేదన్నాడు. "ప్లాస్టిక్ తో ప్లాస్టిక్ హై సాబ్", ప్లాస్టిక్ ఎంతైనా ప్లాస్టిక్కే అని కొట్టిపారేశాడు. ఆయన మాట పక్కన పెట్టి, నాకు నేనే బేరీజు వేసుకున్నాను.

గాజుతో చిక్కు గాజు కాదు, దాని చట్రం. మామూలుగా గాజు తొట్టికి ఇనుప చట్రం వేసి లప్పంతో అతికేవారు. మంచినీళ్ళకైతే సరే. ఉప్పునీళ్ళు ఇనుమును తినేస్తాయి, ఆ తుప్పు చేపల్ని తినేస్తుంది. అందుకని టేకు చట్రం వేసి, సందులు తారుతో పూడ్చాలి. బరువెక్కువ, లారీలో పగలొచ్చు కూడా. ఆక్రిలిక్‌కు ఈ బాధ లేదు. చట్రమే అక్కర్లేదు, పలకను పలకకు అతికిస్తే చాలు. తేలిక, దెబ్బకు తట్టుకుంటుంది. కాని దాని ఒళ్ళు మెత్తన. గోరు గట్టిగా తగిలినా గీత పడుతుంది. బళ్ళారి దుమ్ము సంగతి మీకు తెలుసు. తలుపు మూసినా అన్నంలోకి వస్తుంది. ఆ ఎర్రదుమ్ములో, ఆ జనంలో దానికి గీతలు పడకుండా కాపాడేదెవరు?

గాజే మంచిదని, టేకు చట్రం కొలతలతో సహా అధికారి ముందు నిలబడి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నాడు.

"చాలా బాగుంది. ఆలోచించే పిల్లవాడివి. ఆక్రిలిక్ తొట్టికి పోయిన వారమే బొంబాయికి ఆర్డరు పంపించేశాను."

బయటికొచ్చాక హెడ్డుగుమాస్తా నన్ను పక్కకు లాగాడు. బజారులో తరాలుగా బట్టల వ్యాపారం చేసిన ఇంటివాడు. బేరం ఎక్కడ చెడిందో మొహం చూసి చెప్పగలడు.

"ఏమని చెప్పినావప్పా?"

"గాజు అని."

"పెద్దాయప్ప అడిగితే 'తమరెట్ల చెప్తే అట్ల' అనల్ల. నీకు కన్నడ పరీచ్చ పెట్టినారుగాని ఈ పరీచ్చ పెట్టల్యా. పో, పోయి ఆక్రిలిక్కే బాగుంటాదని చెప్పిరా. నీ పర్మనెంటు కాయితం ఆయప్ప బల్ల మీదనే ఉండాది."

పోయాను. చెప్పాను. మళ్ళీ ఆలోచిస్తే ఆక్రిలిక్కే మేలనిపించింది సార్ అన్నాను. ఆయన సంతోషించాడు. "అయితే నీ సలహా మీదనే తెప్పించామని అందాం. నీకు కూడా కొంచెం పేరు రావాలి కదప్పా" అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను. ఆక్రిలిక్ పలకకన్నా తేలిగ్గా వంగే పదార్థం ఆ రోజు ఆ గదిలో ఒకటి ఉంది.

ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. ఆక్రిలిక్ చెడ్డ వస్తువు కాదు. తొట్టి వచ్చి, చుట్టిన గుడ్డలూ కాగితాలూ విప్పినప్పుడు నేను నోరు తెరిచి చూశాను. అంత పెద్ద తొట్టి ఉందో లేదో తెలియనట్టుంది. మా హెడ్డుగుమాస్తా చెయ్యి చాపితే వేళ్ళు టక్కున తగిలి వెనక్కి తీసుకున్నాడు. మా ఆఫీసులోకి వచ్చిన పారదర్శకమైన వస్తువు అదొక్కటే.

దాన్ని ప్రదర్శన మైదానంలో మా రేకుల పందిట్లో బల్ల మీద నిలిపాం. నేను నీళ్ళకూ చేపలకూ పడమటి తీరాన ఉన్న కార్వారుకు బయలుదేరుతూ, "నేను వచ్చేదాకా శుభ్రంగా చూసుకో" అని జవానుకు అప్పజెప్పాను.

కార్వారులో నా సముద్రం మనిషితనం ఒడ్డునే తేలిపోయింది. పీపాలు పట్టుకుని మోకాలు లోతులో నిలబడితే అల కొట్టి పీపాతో సహా వెనక్కి పడ్డాను. అక్కడి జాలర్లు ఏ ఊరని అడిగారు. బళ్ళారి అంటే జాలిపడి, వాళ్ళే నీళ్ళు నింపారు, వాళ్ళే చేపలు ఏరారు. నల్లచారల చేపలు, పళ్ళెంలా గుండ్రంగా చుక్కలున్నవి, ముట్టుకుంటే పొట్ట ఉబ్బించుకుని బంతిలా అయ్యే ఒక చేప. ఆ ఉబ్బే చేపను మా అధికారికి ప్రత్యేకంగా చూపించాలనుకున్నాను. ఎందుకో మీరే ఊహించుకోండి. తిరుగు దారంతా లారీ వెనక కూర్చుని, చేపలకు గాలి ఆడాలని డబ్బాల్లో నీళ్ళను చెంబుతో ముంచి పైనుంచి పోస్తూనే ఉన్నాను. యల్లాపురం ఘాటులో నా కడుపులోది బయటికొచ్చింది గాని చెంబు ఆగలేదు. ఒక్క చేప చావలేదు. ఆ పని చేసింది నేనేనని ఇప్పటికీ కొంచెం గర్వం.

మైదానంలో లారీ దిగి పందిట్లోకి పోతే, తొట్టి కనిపించింది. కనిపించకూడదు కదా. కాని మంచు పట్టినట్టు తెల్లగా, బల్ల మీద స్పష్టంగా కనిపిస్తోంది.

జవాను ఎదురొచ్చాడు. చేతిలో గుడ్డపీలిక, పక్కన చిప్పలో పొయ్యి బూడిద.

"పొద్దున్నొకపారి, సందకాడొకపారి తోమినానప్పా. లాంతరు చిమ్నీ ఐతే రొండు రుద్దులకే తళతళలాడతాది. ఇదేందో, తోమేకొద్దీ తెల్లగయితాండాది గాని మెరుస్తల్యా. మోసం చేసినారు, మంచి సరుకు కాదిది."

కరెంటు ఇంకా అన్ని ఇళ్ళకూ రాని రోజులు. లాంతరు అద్దాన్ని బూడిదతో తోమని చెయ్యి ఆ జిల్లాలో లేదు. శుభ్రం చెయ్యమంటే అతను తనకు తెలిసినంతలో బహు శుభ్రంగా చేశాడు. లోపలా బయటా, మూలమూలలా, ప్రేమగా గీకాడు. మనిషి నుదుటి గీతలు పుట్టుకతో పడతాయంటారు. నావి ఆ వారంలో పడ్డాయి.

 అతన్ని తిట్టడానికి వ్యవధి లేదు, డబ్బాల్లో చేపలు నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళు నింపాం. ఒక మేలు జరిగింది. నీళ్ళు తగిలిన లోపలి గీతలు చాలావరకు కనిపించకుండా పోయాయి. పై గీతలకు కూడా తడి తగిలితే చాలనిపించి, కొబ్బరినూనె తెప్పించి పలచగా రాశాను. నూనె గీతల్లో నిండి, తొట్టి మళ్ళీ తేటపడింది. చుక్కల చేప వచ్చి ఎదురుగా నిలబడి నన్ను చూసింది.

"ఏం చెయ్యి అప్పా నీది" అన్నాడు జవాను. "తలకు రాసుకునేది తొట్టికి రాసి బతికించినావు."

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే గాలి లేచింది. నూనె ఉన్న చోట దుమ్ము ఊరికే ఉంటుందా? మంత్రిగారు వచ్చే ముందు అధికారి చూడ్డానికొచ్చి తొట్టి మీద వేలు పెట్టాడు. వేలు ఎర్రగా, జిడ్డుగా వచ్చింది. ఆ వేలిని నా మొహం ముందు పెట్టాడు.

"ఇది ఏమప్పా, ఎణ్ణె?"

"నూనేనండి. గీతలు కనిపించకుండా."

"నోడప్పా, మంత్రిగారు సముద్రం చూడడానికి వస్తున్నారు. మిరపకాయ బజ్జీలు చూడడానికి కాదు." జవాను వైపు తిరిగి, "స్పిరిటు తే. శుభ్రంగా తుడువు" అన్నాడు.

స్పిరిటంటే మేం చేపపిల్లల్ని సీసాల్లో నిలవ ఉంచడానికి వాడేది. ఆయన గదిలో బల్ల మీది అద్దాన్ని రోజూ దానితోనే తుడిపించేవాడు. అది ఆక్రిలిక్‌ను ఏం చేస్తుందో నాకు తెలుసని చెప్పను. బూడిద చేసిన పని చూశాక భయం మాత్రం పట్టుకుంది.

"వద్దు సార్. ఇది గాజు కాదు. ఒక మూల రాసి చూసి, ఆ తర్వాత..."

"నేను నీ అభిప్రాయం అడిగానా?"

ఈసారి అడగలేదు, నిజమే. నేను నేర్చుకోవలసిన పాఠం తలకిందులుగా వచ్చింది. అడిగినప్పుడు చెప్పాను, అడగనప్పుడు కూడా చెప్పాను. రెండుసార్లూ తప్పే.

ఆయన పక్కనే నిలబడి తుడిపించాడు. నూనె పోయింది, తళతళలాడింది. "చూశావా?" అన్నాడు. స్పిరిటు ఆరగానే మళ్ళీ తెల్లబడింది. ఇంకోసారి తుడిపించాడు, ఇంకోసారి. నీళ్ళ బరువుకు పలకలు అప్పటికే కొంచెం ఉబ్బి ఉన్నాయి. అలా బిగిసిన పలకకు స్పిరిటు పడదని నాకు తర్వాత తెలిసింది. కాసేపటికి ఒక మూల నుంచి సన్నని పగుళ్ళు బయలుదేరాయి. వెంట్రుకల్లాగా, ఆపైన సాలెగూడులాగా. చప్పుడు లేదు. చప్పుడు చేసి ఉంటే బాగుండేది, మంత్రిగారిని ఆపేవాళ్ళం.

మంత్రిగారు బ్యాండుమేళంతో వచ్చారు. వెనక కురుగోడు, సిరుగుప్ప వైపు నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన జనం. ఆయన కళ్ళజోడు సర్దుకుని తొట్టి దగ్గరికి వంగారు. సాలెగూడు వెనక చేపలు మసగ్గా కదులుతున్నాయి.

"ఇవి మంచులో ఉండే చేపలా?" అన్నారు.

అధికారి నోరు తెరిచేలోపు ముందు పలక కిందికంటా చీలింది. కార్వారు నుంచి చెంబుతో కాపాడుకొచ్చిన సముద్రమంతా ఒక్క ఊపున మంత్రిగారి పంచె మీదికి, చెప్పుల్లోకి, అక్కణ్ణించి ఎర్రమట్టిలోకి దిగింది. చేపలు మట్టిలో కొట్టుకున్నాయి. ఉబ్బే చేప తన విద్య అంతా చూపించింది. చూసే తీరిక ఎవరికీ లేదు.

మంత్రిగారిని పక్క పందిట్లోకి, ఆంబోతు దగ్గరికి తీసుకుపోయారు. జనం మాత్రం కదల్లేదు. ఒక ముసలామె వంగి తడిమట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. "ఉప్పగనే ఉండాదే, నిజమే" అంది పక్కావిడతో. దాంతో అందరూ వేళ్ళు ముంచారు. నేను బకెట్లో చేపల్ని ఏరుతుంటే నా కాళ్ళ మధ్యనుంచి చేతులు వచ్చి సముద్రం రుచి చూసి పోతున్నాయి. ఆ ప్రదర్శనలో సంతోషపడినవాళ్ళు వాళ్ళే. చేపలు ఆ సాయంత్రానికి పోయాయి.

మర్నాడు అధికారి పిలిచాడు. గదిలో హెడ్డుగుమాస్తా, జవాను కూడా ఉన్నారు.

"నోడప్పా, నువ్వు సముద్రం మనిషివని నమ్మి నీ సలహా మీద ఆక్రిలిక్ తెప్పించాం. దానికి నువ్వు నూనె రాశావు. పలక చెడిపోయింది. పైవాళ్ళకు అదే రాయాల్సి ఉంటుంది. నూనె రాసింది నువ్వేనా కాదా?"

"నేనే సార్. కాని స్పిరిటు..."

"స్పిరిటుతో ఎవరు తుడిచారు?" అని జవానును అడిగాడు, మెత్తగా.

జవాను నేల చూశాడు. అతనికి ఉద్యోగానికి ఇంకా కొన్నేళ్ళే మిగిలాయి, ఇంట్లో తినే నోళ్ళు చాలా. "యాది ల్యా సార్" అన్నాడు. హెడ్డుగుమాస్తా కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ కిటికీలోంచి కనిపించేది గోడే.

బయట జవాను నా వెనకే వచ్చాడు. "తప్పయిపాయప్పా" అన్నాడు. నేను అతని మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. అధికారి నన్ను అడిగినప్పుడు నేను మాత్రం ఏం చేశాను? గాజును ఆక్రిలిక్ చేసి వచ్చాను.

పర్మనెంటు కాలేదు. నన్ను దూరంగా ఒక చేపపిల్లల గుంటల దగ్గరికి పంపించారు. అక్కడ కప్పలూ కొంగలూ నాకంటే పర్మనెంటు. నా తర్వాత చేరినవాళ్ళు, నేను చేపపిల్లల్ని లెక్కపెట్టడం నేర్పినవాళ్ళు, ఒక్కొక్కరే నాకు పైవాళ్ళయి తనిఖీకి వచ్చేవారు. వాళ్ళకు కుర్చీ వేసి నేను నిలబడేవాణ్ణి. ప్రతి తనిఖీలో ఎవడో ఒకడు, "నూనె రాసింది మీరేనట కదా" అని నవ్వుతూ అడిగేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. మా నాన్న ఎడ్లను అమ్మలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. సెలవుకు ఇంటికి పోతే పొద్దున్నే కొట్టంలోకి తీసుకుపోయి, వాటి పళ్ళు చూపించి, "ఇంకా వయసులోనే ఉన్నాయి" అనేవాడు. పరువుగా తిట్టడం ఆయన దగ్గర నేర్చుకోవాలి.

అరవైలు ముగుస్తుండగా ఎట్టకేలకు నన్ను పర్మనెంటు చేశారు. తల మీద నల్లవెంట్రుకలు తాత్కాలికమయ్యాక. ఆ ఏడే తుంగభద్ర డ్యాము దగ్గర రైతులకు చేపల పెంపకం శిక్షణ పెట్టారు. ముగింపు సభకు ముఖ్య అతిథి మా పాత అధికారే. పదోన్నతుల మీద పదోన్నతులు వచ్చి, ఆ నెలాఖరుకే రిటైరవుతున్నాడు. సభలో అందరికీ పనులు పంచగా, ఎవరూ తీసుకోనిది నాకు మిగిలింది. వందన సమర్పణ. జనం కాఫీ ఉప్పిట్టు కోసం లేచే వేళ మైకు ముందు నిలబడే పని అది.

ఆయన చాలాసేపు మాట్లాడాడు. "నోడ్రప్పా, ఈ జిల్లాకు మొట్టమొదట సముద్రాన్ని తెచ్చినవాణ్ణి నేను. కింది సిబ్బంది చేతగానితనం వల్ల అది నిలవలేదు గాని, ఆలోచన నాది" అన్నాడు. రైతులు చప్పట్లు కొట్టారు. పూలదండ ఆయన మెడలోనే ఉంది.

నా వంతు వచ్చింది. కాగితం మీద రాసుకున్న నాలుగు మాటలు జేబులో పెట్టేశాను.

"అయ్యా, సముద్రం తెచ్చింది సార్‌గారే. అయితే సార్ వినయం కొద్దీ సగమే చెప్పారు. గాజు తొట్టి వద్దు, ఆక్రిలిక్ తొట్టి కావాలని నిర్ణయించింది కూడా సార్‌గారే. నన్ను అభిప్రాయం అడిగే నాటికే వారం ముందు ఆర్డరు పంపించిన ముందుచూపు వారిది. ప్రారంభోత్సవం నాడు స్పిరిటు తెప్పించి, మేం వద్దంటున్నా వినకుండా, దగ్గర నిలబడి తుడిపించిన పట్టుదలా వారిదే. తొట్టి ఆ తర్వాతే పగిలింది. ఇందులో మా కింది సిబ్బంది గొప్ప రవ్వంత కూడా లేదు. ఏదో పొరపాటున ఈ ఘనతంతా ఇన్నేళ్ళూ నా పేరు మీద ఉండిపోయింది. ఈ సభాముఖంగా దాన్ని వారికి అప్పగించి, శాఖ తరఫున వారికి హృదయపూర్వక వందనాలు సమర్పిస్తున్నాను."

వందన సమర్పణలో చప్పట్లు ఎక్కడ కొట్టాలో రైతులకు ముందే చెప్పి ఉంచారు. వందనాలు అనగానే హాలు మోగిపోయింది. ముందు వరసలో నా పైవాళ్ళు కొట్టలేక, కొట్టకుండా ఉండలేక చేతులు సగంలో ఆపారు. వేదిక మీద ఆయన నన్నే చూస్తున్నాడు. ఏదో అనబోయాడు, మైకు నా దగ్గర ఉంది. చప్పట్లు ఆగడం లేదు. వందనం చేసినవాడికి ప్రతినమస్కారం చెయ్యకపోతే నిండు సభలో మర్యాద కాదు. ఆయన దండ సర్దుకుని లేచి నిలబడి, నాకు రెండు చేతులూ జోడించాడు.